తోక ఉన్నంత మాత్రాన చుట్టరికం కాదు: కశాభజీవుల వర్గీకరణ ఎందుకు మారింది

క్లుప్తంగా: కశాభం అనే సన్నని తోకతో ఈదే ఏకకణ జీవులను ఒకప్పుడు ఒకే వర్గంగా లెక్కించేవారు. జన్యువులను పోల్చి చూశాక ఆ వర్గం నిలవలేదు. కేంద్రకం ఉన్న జీవులన్నింటికీ మూలమైన పూర్వీకుడికే ఆ తోక ఉండేది. కాబట్టి తోక ఉండటం దగ్గరి బంధుత్వానికి రుజువు కాదు, లేకపోవడం దూరానికి గుర్తు కాదు. ఈ మార్పు పుస్తకాలతో ఆగలేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నిమ్మతోటలు, పశువుల కొట్టాలు, రొయ్యల గుంటల దాకా దీని ప్రభావం ఉంది.

నెల్లూరులోనో ఒంగోలులోనో బైపీసీ చదివే విద్యార్థికి ఈ జీవుల గురించి రెండు రకాల సమాచారం ఎదురవుతోంది. నీట్ కోసం చదివే ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో ప్రొటిస్టా రాజ్యం కింద క్రైసోఫైట్లు, డైనోఫ్లాజెల్లేట్లు, యూగ్లినాయిడ్లు, జిగురు బూజులు, ప్రోటోజోవాలు ఉంటాయి. ప్రోటోజోవాలు మళ్ళీ నాలుగు రకాలు: అమీబా లాంటివి, కశాభాలు ఉన్నవి, శైలికలు (వెంట్రుకల్లాంటి పొట్టి తోకలు) ఉన్నవి, స్పోరోజోవాలు. అదే విద్యార్థి ఫోన్‌లో వెతికితే ఈ పేర్లలో సగం కనిపించవు. వాటి బదులు డిస్కోబా, ఆల్వియోలేటా, స్ట్రామెనోపైల్స్, ఒపిస్తోకాంటా అని కొత్త పేర్లు వస్తాయి. పాఠంలో వేర్వేరు చోట్ల ఉన్న యూగ్లీనా, ట్రిపనోసోమా అక్కడ పక్కపక్కనే ఉంటాయి. పరీక్షలో పాఠం ప్రకారమే రాయాలి, అందులో సందేహం లేదు. కానీ కొత్త అమరిక ఎందుకు వచ్చిందో తెలియకపోతే రెండూ బట్టీ పట్టాల్సిన పేర్ల జాబితాలుగానే మిగిలిపోతాయి.

రెండు రకాల తోకలు

ముందుగా ఒక గందరగోళం తొలగించుకోవాలి. రొయ్యల రైతులు భయపడే విబ్రియో బ్యాక్టీరియాకు కూడా తోక ఉంది. దాన్నీ కశాభమే అంటారు. కానీ ఆ తోకకీ, యూగ్లీనా తోకకీ పేరు తప్ప ఇంకేమీ కలవదు. బ్యాక్టీరియా తోకలో ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌తో అల్లిన పోగు ఉంటుంది. దాని మొదట్లో ఉన్న చిన్న మోటారు ఆ పోగును గిరగిరా తిప్పుతుంది. ఆ మోటారు నడిచేది కణంలోకి దూసుకొచ్చే అయాన్ల ప్రవాహంతో.

కేంద్రకం ఉన్న జీవుల తోక వేరు. అది కణత్వచం కప్పి ఉన్న కణ భాగం. లోపల మధ్యలో 2 సూక్ష్మనాళికలు, వాటి చుట్టూ 9 జంటలు ఉంటాయి. దీన్నే 9+2 అమరిక అంటారు. డైనీన్ అనే ప్రోటీన్ ఏటీపీ శక్తితో ఒక జంటను పక్క జంట మీద జరుపుతుంది. ఆ జరగడం వల్లే తోక వంగుతూ అలలా కొట్టుకుంటుంది. తిరగడం ఉండదు. మనిషి శుక్రకణం తోకలో, శ్వాసనాళంలో కఫాన్ని పైకి నెట్టే శైలికల్లో, యూగ్లీనా కశాభంలో ఉన్నది ఇదే యంత్రం. ఇంత జటిలమైన నిర్మాణం ఒక్కో వంశంలో విడివిడిగా, అదీ అచ్చం ఒకేలా పుట్టడం నమ్మశక్యం కాదు. ఇది ఒక్కసారే పుట్టింది. కేంద్రకం ఉన్న జీవులన్నింటి ఉమ్మడి పూర్వీకుడి నుంచే అందరికీ వచ్చింది.

పాత వర్గం ఎలా ఏర్పడింది, ఎలా చెదిరింది

లీవెన్‌హుక్ 1674లో చెరువు నీటిలో ఈ జీవులను చూసినప్పటి నుంచి దాదాపు 3 శతాబ్దాల పాటు శాస్త్రజ్ఞులకు ఉన్న ఆధారం రూపం ఒక్కటే. హేకెల్ 1866లో ప్రొటిస్టా రాజ్యాన్ని ప్రతిపాదించాడు. విట్టేకర్ 1969లో ఐదు రాజ్యాల పద్ధతి తెచ్చాడు. ఏకకణ జీవి ఎలా కదులుతుంది అన్నదే ప్రోటోజోవాల విభజనకు కొలత. తోకతో ఈదేవన్నీ మాస్టిగోఫోరా అనే వర్గంలో చేరాయి. ఆ కాలానికి అది సహేతుకమైన పనే. కంటికి కనిపించని బంధుత్వాన్ని కొలిచే సాధనం అప్పటికి లేదు.

ఆ సాధనం రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ పోలికతో వచ్చింది. ప్రతి కణంలోనూ రైబోజోమ్ ఉంటుంది. దాని ఆర్‌ఎన్‌ఏ చాలా నెమ్మదిగా మారుతుంది. రెండు జీవుల్లో ఆ అక్షరాల వరుస ఎంత తేడాగా ఉంటే అవి అంత ముందుగా విడిపోయాయని అంచనా వేయవచ్చు. కార్ల్ వోస్ 1977లో ఈ పద్ధతితోనే, చూడటానికి బ్యాక్టీరియాల్లా ఉండే ఆర్కియాలు నిజానికి వాటి కంటే వేరని చూపించాడు. తర్వాత వందల జన్యువులను కలిపి పోల్చడం మొదలైంది. మాస్టిగోఫోరా ముక్కలైంది ఈ దశలోనే. అందులోని జీవులు వంశవృక్షంలో దాదాపు ప్రతి పెద్ద కొమ్మ మీదా తేలాయి.

లోపం ఎక్కడుందో చూద్దాం. నెల్లూరులో ఇద్దరు తెలుగు మాట్లాడుతున్నారు కాబట్టి వాళ్ళు ఒకే ఇంటివాళ్ళు అని ఎవరూ అనరు. తెలుగు అందరికీ పూర్వం నుంచి వచ్చింది. అదే కావలి నుంచి మద్రాసు వెళ్ళి స్థిరపడిన కుటుంబంలో మూడో తరానికి తెలుగు రాకపోవచ్చు, అయినా వాళ్ళు సొంత పెదనాన్న మనవలే కావచ్చు. కశాభం విషయంలోనూ ఇంతే. పూర్వీకుడి నుంచి అందరికీ వచ్చిన లక్షణం ఎవరు ఎవరికి దగ్గరో చెప్పలేదు. ఒక శాఖలో కొత్తగా పుట్టి ఆ శాఖవాళ్ళకే పరిమితమైన లక్షణం మాత్రమే చెప్పగలదు. వర్గీకరణ మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది. పాఠ్యపుస్తకాలు జీవుల పేర్ల కంటే ముందు దీన్ని చెప్పి ఉంటే విద్యార్థులకు ఎంతో మేలు జరిగేది.

నిమ్మచెట్టు బంక, హ్యాచరీ నాచు

ఈ సూత్రానికి మంచి ఉదాహరణ పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటల్లోనే ఉంది. నిమ్మ, బత్తాయి చెట్ల మొదలు దగ్గర బెరడు పగిలి జిగురు కారుతుంది. క్రమంగా చెట్టు ఎండిపోతుంది. రైతులు దీన్ని బంక తెగులు అంటారు. దీనికి ప్రధాన కారణం ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి. దారాల్లా పెరుగుతుంది, బీజాలతో వ్యాపిస్తుంది కాబట్టి దాన్ని చాలాకాలం శిలీంధ్రంగానే లెక్కించారు. వ్యవసాయ కరపత్రాలు ఇప్పటికీ అలాగే రాస్తాయి.

కానీ ఫైటోఫ్తోరా శిలీంధ్రం కాదు. దాని జీవితంలో ఈదే దశ ఒకటి ఉంది. ఆ దశలో కణానికి 2 కశాభాలు ఉంటాయి. వెనక్కి ఉండేది నున్నగా ఉంటుంది. ముందుకు ఉండే దానికి రెండు వైపులా మూడు భాగాలుగా చేసిన సూక్ష్మమైన నూగు ఉంటుంది. ఇలాంటి నూగు సముద్రపు గోధుమరంగు నాచుల ఈదే కణాలకూ ఉంది, బంగారు నాచులకూ ఉంది. ఇది తర్వాత ఒక్క శాఖలోనే పుట్టిన లక్షణం. అందుకే ఆ శాఖకు స్ట్రామెనోపైల్స్ అనే పేరు ఈ నూగును బట్టే వచ్చింది. తోక చెప్పలేని బంధుత్వాన్ని తోక మీది నూగు చెప్పింది. జన్యువుల పోలిక కూడా దానితో ఏకీభవించింది.

ఈ శాఖలో ఇంకో సభ్యురాలు తీరం వెంట రొయ్యల హ్యాచరీల్లో పిల్లలకు మేతగా పెంచే కీటోసెరాస్. అది డయాటమ్ అనే రకం ఏకకణ నాచు. మామూలు కణానికి తోక ఉండదు. కానీ ఈ రకం డయాటమ్‌ల మగబీజానికి ఒక కశాభం ఉంటుంది, దాని మీద అదే నూగు ఉంటుంది. అంటే నిమ్మచెట్టును చంపేదీ, రొయ్యపిల్లను సాకేదీ ఒకే వంశంలోవి. పుట్టగొడుగు ఆ వంశానికి చాలా దూరం.

రైతుకి ఇది ఎందుకు పనికొస్తుందంటే, చాలా శిలీంధ్రనాశినులు నిజమైన శిలీంధ్రాల్లోని ప్రత్యేక భాగాల మీద పనిచేస్తాయి. అజోల్ మందులు శిలీంధ్రాల కణత్వచంలో ఉండే ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతాయి. ఫైటోఫ్తోరా దాన్ని తయారు చేసుకోదు. దాని కణకవచంలో సెల్యులోజ్ ఉంటుంది, శిలీంధ్రాల్లోలా కైటిన్ కాదు. కార్బెండజిమ్ కూడా ఈ జాతి మీద పనిచేయదు. అందుకే బంక తెగులుకు మెటలాక్సిల్, ఫోసెటైల్ అల్యూమినియం లాంటివి సిఫార్సు చేస్తారు. ప్రకాశం జిల్లా పొగాకు నారుమళ్ళలో నారుకుళ్ళు తెచ్చే పిథియం కూడా ఈ కుటుంబమే, అక్కడా మెటలాక్సిలే వాడతారు. రాగి మందు ఇందుకు మినహాయింపు. బోర్డో మిశ్రమం అనేక రకాల కణాలకు విషం. అసలు ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల్లో అది మొదట పేరు తెచ్చుకున్నదే ఈ వంశానికే చెందిన బూజు తెగులు మీద.

ఇక తోక సంగతి. ఈదే కణం నీరు ఉంటేనే కదలగలదు. చెట్టు మొదలుకు నీరు తగలకుండా రెండు వలయాల పాదు కట్టమని, అంటు కట్టిన చోటు నేలకు బాగా పైన ఉండేలా నాటమని చెప్పేది ఇందుకే. తెగులు ప్రయాణించే దారినే మూసేస్తున్నారన్నమాట. మందు కంటే ముందు పాటించాల్సిన జాగ్రత్త ఇది.

చెరువులో తెట్టు, ఎద్దు రక్తంలో పరాన్నజీవి

మంచినీటి చేపల చెరువుల మీద ఒక్కోసారి ఎండ ముదిరేకొద్దీ ఎర్రబడే తెట్టు కడుతుంది. దానికి తరచుగా కారణం యూగ్లీనా జాతులు. హరితరేణువు ఉంది కాబట్టి మొక్క అని, కదులుతుంది, మింగుతుంది కాబట్టి జంతువు అని యూగ్లీనా గురించి పాఠాలు చాలాకాలం వాదించాయి. అది రెండూ కాదు. దాని హరితరేణువు చుట్టూ 3 పొరలు ఉంటాయి. మొక్కల్లో 2 మాత్రమే. యూగ్లీనా పూర్వీకుడు ఒక ఆకుపచ్చ నాచు కణాన్ని మింగి, అరిగించుకోకుండా లోపలే ఉంచుకున్నాడు. ఆ అదనపు పొర దాని గుర్తు. కిరణజన్య సంయోగక్రియ ఈ వంశానికి మధ్యలో వచ్చిన ఆస్తి.

ఆ ఆస్తి రాని దాయాదులే ట్రిపనోసోమాలు. వాటిలో ట్రిపనోసోమా ఎవాన్సీ పశువులకు సర్రా వ్యాధి తెస్తుంది. వచ్చి పోయే జ్వరం, రక్తహీనత, చిక్కిపోవడం దీని లక్షణాలు. గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో అవిభక్త పంజాబ్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో దీన్ని కనిపెట్టాడు. యూగ్లీనా, ట్రిపనోసోమా రెండింటి కశాభంలోనూ 9+2 అమరిక పక్కన ఇంకో ప్రోటీన్ కడ్డీ ఉంటుంది. నూగు లాగే ఈ కడ్డీ కూడా ఆ శాఖ సొంత గుర్తు.

సర్రా ఒంగోలు జాతి ఉన్న నేలకు ఎలా వచ్చింది అన్నది ఇంకా ఆసక్తికరం. దీని దగ్గరి బంధువు ట్రిపనోసోమా బ్రూసీ ఆఫ్రికా దాటలేదు. అక్కడ రక్తం పీల్చే సెట్సీ ఈగ కడుపులో పెరగనిదే దానికి గడవదు. ఎవాన్సీ తన మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగం) డీఎన్‌ఏలో ముఖ్యమైన భాగాన్ని పోగొట్టుకుంది. దాంతో సెట్సీ ఈగలో ఎదగలేదు, కానీ దాని అవసరం కూడా తీరిపోయింది. ఒక పశువు రక్తం అంటిన జోరీగ మూతితోనే ఇంకో పశువుకు చేరుతుంది. ఈగలో పెరగాల్సిన పని లేకపోవడంతో ఆసియా, దక్షిణ అమెరికాలకు పాకింది. బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతోనే పెరుగుతున్న ఒంగోలు సంతతి పశువులు కూడా ఈ కుటుంబం బెడద ఉన్న నేల మీదే ఉన్నాయి. జోరీగలు ఎక్కువగా ఉండే వానాకాలంలో కొట్టం దగ్గర ఈగల అదుపు ఎందుకు ముఖ్యమో ఈ కథే చెబుతుంది.

సముద్రంలో వెలుగు

రాత్రి అలలు నీలంగా మెరిసే దృశ్యం 2019 ఆగస్టులో చెన్నై తీరంలో చాలామంది చూశారు. దీనికి సాధారణంగా కారణం నాక్టిలూకా అనే డైనోఫ్లాజెల్లేట్. నీరు కదిలినప్పుడే అది మిణుక్కుమంటుంది. హ్యాచరీ తొట్టెలో కదిలించకపోయినా అదే పనిగా మెరిసేది విబ్రియో హార్వేయి లాంటి బ్యాక్టీరియా. రెండింటికీ తోకా ఉంది, వెలుగూ ఉంది, బంధుత్వం మాత్రం లేదు.

డైనోఫ్లాజెల్లేట్ల అసలు బంధువులు ఎవరంటే శైలికలున్న పారమీషియం, మలేరియా తెచ్చే ప్లాస్మోడియం. కణత్వచం కింద చదునైన తిత్తుల వరుస వీటి ఉమ్మడి గుర్తు. పాఠంలో మూడు వేర్వేరు చోట్ల ఉన్నవి ఇక్కడ ఆల్వియోలేటా అనే ఒకే ఇంట్లో చేరాయి. తోక లేని స్పోరోజోవా అని చదివే ప్లాస్మోడియం మగబీజాలకు కశాభం ఉంది. దాని కణంలో కిరణజన్య సంయోగక్రియ చేయడం మానేసిన పాత హరితరేణువు శేషం కూడా దొరికింది. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మలేరియా మీద పనిచేయడానికి కారణం ఆ శేషమే.

'ఆదిమ జీవులు' అన్న పొరపాటు

జన్యువుల పోలిక కూడా మొదట్లో తప్పుదారి పట్టించింది. ఆ సంగతి దాచకూడదు. కలుషిత నీటితో విరేచనాలు తెచ్చే జియార్డియాలో, ట్రైకోమోనాస్ లాంటి ఇతర కశాభజీవుల్లో మైటోకాండ్రియా కనిపించలేదు. మైటోకాండ్రియా పుట్టకముందే విడిపోయిన ఆదిమ వంశాలు ఇవేనని జీవశాస్త్రజ్ఞుడు కావలియర్ స్మిత్ 1983లో ప్రతిపాదించాడు. తొలి ఆర్‌ఎన్‌ఏ వృక్షాలు దాన్ని బలపరిచాయి కూడా. తర్వాత తేలిందేమిటంటే, పరాన్నజీవుల జన్యువులు చాలా వేగంగా మారతాయి. అలా మారినవన్నీ లెక్కలో వృక్షం మొదటికి జారిపోతాయి. 2003లో జియార్డియాలో కుంచించుకుపోయిన మైటోకాండ్రియా శేషం బయటపడింది. మోనోసెర్కోమోనాయిడిస్ అనే కశాభజీవిలో ఏ శేషమూ లేదని 2016లో తేలింది, కానీ అది కూడా పోగొట్టుకున్నదే, మొదటి నుంచీ లేనిది కాదు.

జియార్డియాకు ఇచ్చే మెట్రోనిడజోల్ ఆక్సిజన్ లేని చోట బతికే బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. రెండూ బంధువులని కాదు, రెండింటి జీవనపద్ధతి ఒకటి. కాబట్టి వంశం తెలిస్తే మందు దానంతట అదే తెలిసిపోతుంది అనుకోవడం కూడా సరికాదు.

వృక్షం ఇప్పటికీ పూర్తి కాలేదు. హెమిమాస్టిగోఫోరా అనే, రెండు వరుసల కశాభాలున్న జీవులు తెలిసిన ఏ పెద్ద శాఖలోనూ ఇమడవని కెనడా మట్టి నమూనాల ద్వారా 2018లో తెలిసింది. మొదటి చీలిక ఎక్కడ జరిగింది అన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు.

తోక పోగొట్టుకున్న మన చుట్టం

ఇక రొయ్యల గుంట. వెనామీ రొయ్యల సాగులో ఎదుగుదల ఆగిపోవడానికి, ఒకే గుంటలో సైజు తేడాలు రావడానికి పెద్ద కారణం ఈహెచ్‌పీ (ఎంటెరోసైటోజోవన్ హెపటోపీనియై). ఇది థాయిలాండ్‌లో టైగర్ రొయ్యలో దొరికింది, 2009లో దీనికి పేరు పెట్టారు. రొయ్య కాలేయక్లోమ కణాల్లో పెరిగే ఈ జీవి, ఇతర జీవుల కణాల లోపలే బతికే మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవుల్లో ఒకటి. దీన్ని ఒకరు ప్రోటోజోవా అంటారు, ఇంకొకరు ఫంగస్ అంటారు. గందరగోళానికి కారణం చరిత్రలో ఉంది. మైక్రోస్పోరిడియాలను ముందు స్పోరోజోవాల్లో పెట్టారు, తర్వాత పైన చెప్పిన ఆదిమ జీవుల్లో చేర్చారు. 1990ల నుంచి వచ్చిన జన్యు ఆధారాలు వాటిని శిలీంధ్రాల పక్కకు చేర్చాయి.

శిలీంధ్రాలూ జంతువులూ ఒపిస్తోకాంటా అనే ఒకే పెద్ద శాఖ. ఈదే కణానికి వెనక ఒకే తోక ఉండటం దీని గుర్తు. మనిషి శుక్రకణం అలాంటిదే, కప్పల్ని చంపే కైట్రిడ్ శిలీంధ్రాల బీజం అలాంటిదే. జంతువులకు అత్యంత దగ్గరి ఏకకణ బంధువులైన కోయనోఫ్లాజెల్లేట్లు స్పంజిక కణాలను పోలి ఉన్నాయని శాస్త్రజ్ఞుడు హెన్రీ జేమ్స్-క్లార్క్ 1860లలోనే గమనించాడు. మైక్రోస్పోరిడియాలు ఈ ఇంట్లో పుట్టి తోకను పూర్తిగా వదిలేశాయి. దాని బదులు బీజం లోపల చుట్టుకుని ఉండే గొట్టం ఒకటి ఏర్పడింది. అది ఒక్కసారిగా బయటికి దూసుకొచ్చి రొయ్య కణంలోకి దిగుతుంది, లోపలి పదార్థం దానిలోంచి కణంలోకి జారుతుంది. ఈదాల్సిన అవసరమే లేదు. రొయ్య శుక్రకణానికి కూడా తోక లేదన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగ్గ విషయం. అదీ పోగొట్టుకున్నదే.

ఫంగస్ బంధువు కదా అని ఫంగస్ మందు చల్లితే ఈహెచ్‌పీ పోదు. ఎర్గోస్టెరాల్ తయారుచేసుకునే జన్యువులను కూడా ఇవి వదిలేశాయి. బీజం గోడ గట్టిది, గుంట అడుగున నిలిచి ఉంటుంది. అందుకే పంటకీ పంటకీ మధ్య గుంట అడుగు మట్టి పీహెచ్ 12 దాకా పెరిగేలా సున్నం వేయడం, పరీక్షించిన పిల్లను తెచ్చుకోవడం అనే రెండింటి మీదే భారం ఉంది.

పిల్ల పరీక్షలో వర్గీకరణ నేరుగా డబ్బుతో ముడిపడుతుంది. ఈహెచ్‌పీకి మొదట్లో వచ్చిన పీసీఆర్ పరీక్షలు వంశవృక్షాలు గీయడానికి వాడే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువునే వెతికేవి. అది నెమ్మదిగా మారే జన్యువు. దగ్గరి బంధువులైన ఇతర మైక్రోస్పోరిడియాల్లో కూడా దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి రొయ్యకు సంబంధం లేని జాతి ఉన్నా పాజిటివ్ రావచ్చు. 2016లో వచ్చిన పద్ధతి బీజం గోడలోని ప్రోటీన్ జన్యువును వెతుకుతుంది. అది ఈహెచ్‌పీకి ఎక్కువ ప్రత్యేకం. హ్యాచరీ నుంచి పిల్ల తెచ్చుకునే రైతు రిపోర్టులో పాజిటివ్, నెగటివ్ అన్న మాటతో పాటు ఏ జన్యువు మీద పరీక్ష చేశారో కూడా ల్యాబ్‌ను అడగడం మంచిది.